ఎవరింటి రొట్టె: చెరువుకట్ట మీద మూడు రాత్రుల కథానడక

రెండేళ్ల కిందట మాఘమాసంలో, బహుళ తదియ, చవితి, పంచమి రాత్రులు, అనంతపురం వైపు ఒక ఊరి చెరువుకట్ట మీద మేమొక ప్రదర్శన చేశాం. స్టేజీ లేదు, కుర్చీలు లేవు, మైకు లేదు. రాత్రికి నలభై మంది ప్రేక్షకులు. ఊరి రచ్చకట్ట దగ్గర బయల్దేరి, మడుల గట్ల మీదుగా నడిచి, తూము దాటి, కట్టెక్కి, చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే మరవ దగ్గర ఆగుతాం. దూరం కిలోమీటరున్నర. ఆ కాస్త దూరానికి మూడు గంటలు పట్టేది. దారిలో ఒక కథ నాలుగు ముక్కలుగా వినిపిస్తాం. దారిలోనే అందరం కలిసి సద్ది తింటాం. దర్శకత్వం నాది, నాతో పాటు మా నాటక బృందంలో ఆరుగురు, కథలు చెప్పే ఒక బుడగ జంగాల కుటుంబం, ఆ ఊరి ఆడవాళ్లు పద్నాలుగు మంది పనిచేశారు.

ఆ తర్వాత చాలామంది నాటకాలవాళ్లు స్క్రిప్టు పంపమని అడిగారు. స్క్రిప్టు నాలుగు పేజీలు, అడిగిన అందరికీ పంపాను. కానీ అది చదివితే ఆ మూడు రాత్రుల్లో ఏం జరిగిందో సగం కూడా తెలియదు. అసలు సంగతంతా రొట్టెల దగ్గర జరిగింది. అందుకే వివరంగా రాస్తున్నాను. ఊరి పేరు మాత్రం రాయను, వద్దని వాళ్లు అడిగారు.

కథ ఎక్కడిది

అనంతపురం పక్కనే బుక్కరాయసముద్రం చెరువు ఉంది. విజయనగర రాజుల్లో మొదటి బుక్కరాయల కాలంలో, 14వ శతాబ్దంలో, పండమేరు మీద కట్టిన చెరువు. ఒక వానాకాలం కట్టకు గండి పడిందని, ఊరు కొట్టుకుపోకుండా ఉండాలంటే బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మను బలి ఇవ్వాలని పలుకు వచ్చిందని, ఆమె తనంతట తానే గండిలోకి నడిచి వెళ్లిందని కథ. కట్టమంచి రామలింగారెడ్డి గారు విద్యార్థిగా ఉన్నప్పుడే దీన్ని కావ్యంగా రాశారు. సరిహద్దు దాటి కన్నడ పల్లెలకు వెళ్తే భాగీరథి అనే చిన్నకోడలి పాట వినిపిస్తుంది. అక్కడ తవ్విన చెరువులో నీళ్లు పడవు, ఆమె దిగితే పడతాయి. సీమలో ఇలాంటి కథ లేని పాత చెరువు తక్కువ. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే అదే గొప్ప అనుకునే నేల ఇది. చెరువు నిండడం, కట్ట నిలవడం ఇక్కడ బతుకుతెరువు సంగతి.

మేం చేసిన ఊళ్లో ఆమెను కట్టమ్మ అంటారు. కట్ట మధ్యలో మోకాలెత్తు రాయి ఒకటి, దానికి పసుపు, పైన ఒక వేపకొమ్మ. ఆమె కూడా చిన్నకోడలే.

ఈ కథను ఎంచుకోవడానికి నాకు భయం వేసింది. ఒక ఆడమనిషిని చంపి దేవతను చేసిన కథను మళ్లీ అందంగా చెప్పి, వెన్నెట్లో చప్పట్లు కొట్టించుకుని రావడం నాకు ఇష్టం లేదు. ఆ మాటే ఊరి ఆడవాళ్లతో అన్నాను. ఒక పెద్దామె, మేమంతా అవ్వ అని పిలిచేవాళ్లం, కాసేపు విని, "ఆమె సచ్చిపోయిందని నీకెవురు చెప్పినారు? కట్ట మీదే ఉండాది. ఆమెకు ఆకలవుతాదని మేం పండగ పండక్కీ ఓళిగలు పెడ్తాండాం కదా" అంది. ఆ మాటతో నాకు దారి దొరికింది. బలి గురించి కథ అందరికీ తెలుసు. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరు వండారు, ఎవరు తిన్నారు, ఆమె తిన్నదా లేదా అనేది మాత్రం ఎవరూ చెప్పరు. మేం దాని మీద పనిచేయాలనుకున్నాం.

ఇంకో సంగతి కూడా మనసులో ఉంది. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఒకటుంది. ఆ చెరువు కట్టడానికి రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్లు పట్టిందని అందులో రాశారు. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు కూడా వరసగా చెప్పారు. ఆ వెయ్యి మంది మధ్యాహ్నం ఏం తిన్నారన్నది నా ప్రశ్న. ఎవరో తెల్లవారుజామున లేచి రొట్టెలు కొట్టి మూట కట్టి ఉండాలి. ఆ మూటను మా ప్రేక్షకుల చేతికి ఇవ్వాలనుకున్నాం.

దారి, చీకటి, చంద్రుడు

రాత్రిపూట నడిపించే ప్రదర్శనలో వెలుగు ఎక్కడ పెట్టాలన్న దానికన్నా ఎక్కడ తీసేయాలన్నది ముఖ్యం. మనిషి కంటికి చీకటి బాగా అలవాటు పడడానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది. ఆ తర్వాత చుక్కల వెలుగులో కూడా గట్టు కనిపిస్తుంది. మధ్యలో ఒక్కరు ఫోన్ తెరిచినా చుట్టూ ఉన్న పదిమంది కళ్లు మళ్లీ మొదటికి వస్తాయి. అందుకని రచ్చకట్ట దగ్గరే ఫోన్లు గుడ్డసంచిలో వేసి తీసుకునేవాళ్లం. మొదటి ముప్పై నిమిషాలు నడక పెట్టలేదు, కూర్చోబెట్టి మొదటి కథాభాగం చెప్పించాం. కళ్లు అలవాటయ్యాక లేపాం. ముందు ఒక లాంతరు, వెనక ఒక లాంతరు, మధ్యలో ఏమీ లేదు. ప్రతి పదిమందికీ ఊరి కుర్రాడు ఒకడు తోడు. కట్ట ఎక్కాక నీళ్లవైపు ఆ కుర్రాళ్లు నడుస్తారు, ప్రేక్షకులు మడులవైపు.

మాఘం ఎందుకంటే, కోతలు అయిపోయి మడుల్లో నడవడానికి దారి ఉంటుంది, చెరువులో ఇంకా నీళ్లుంటాయి, చలికి పాములు బయట తిరగడం తక్కువ. తదియ, చవితి, పంచమి ఎందుకంటే, పౌర్ణమి నాడు చంద్రుడు పొద్దుగుంకగానే వచ్చేస్తాడు, చీకటే ఉండదు. చవితికైతే తొమ్మిది దాటాక వస్తాడు. మూడు భాగాలు చీకట్లో జరిగి, ఆమె గండిలోకి నడిచే నాలుగో భాగంలో నీళ్ల అవతల చంద్రుడు పైకి రావాలన్నది మా లెక్క. బయటివాళ్ల బస్సుల కోసం మూడు రోజులూ సాయంత్రం ఏడింటికే మొదలన్నాం. అది తప్పు. చంద్రుడు రోజుకు దాదాపు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తాడని తెలిసి కూడా బస్సుకే విలువ ఇచ్చాం. తదియ నాడు మేం ఇంకా మడుల్లో ఉండగానే వెలుగొచ్చేసింది. ఇలాంటి ప్రదర్శన చేసేవాళ్లు టికెట్ మీద గంట వేయకుండా, ఏ రోజుకారోజు చంద్రోదయాన్ని బట్టి టైము చెప్పాలి. పంచమి నాడు మేం ఎనిమిదింటికి మొదలుపెట్టాం, బస్సు డ్రైవర్లకు అదనంగా డబ్బిచ్చాం.

గొంతు గురించి ఒక్క మాట. రాత్రి నీళ్ల మీద గాలి చల్లబడి, ఆ పైన గాలి కాస్త వెచ్చగా ఉంటే, శబ్దం పైకి పోకుండా కిందికి వంగి దూరం పోతుంది. చెరువు అవతలి ఒడ్డున ఒక అమ్మాయిని నిలబెట్టి మామూలు గొంతుతో పిలిపిస్తే ఇవతలికి స్పష్టంగా వినిపించింది. మైకు లేకుండా చేయగలమన్న ధైర్యం అప్పుడే వచ్చింది. కానీ అదే నీళ్ల మీద పక్క ఊరి పెళ్లి డీజే కూడా అంతే బాగా వినిపిస్తుంది. రెండో రాత్రి ఇరవై నిమిషాలు దాన్ని భరించాం.

కథ చెప్పింది బుడగ జంగాల కుటుంబం. తంబురతో ప్రధాన కథకుడు, అరవై దాటిన మనిషి. గుమ్మెటలు వాయిస్తూ వంత పాడేవాళ్లు ఇద్దరు, ఆయన కొడుకు, కోడలు. రిహార్సల్స్‌లో పెద్దాయన అడిగిన మొదటి ప్రశ్న, "ఊ ఎవురు కొడ్తారు సామీ?" అని. చీకట్లో వినేవాళ్ల మొహం కనపడదు. వాళ్లు వింటున్నారో లేదో ఆయనకు తెలియాలంటే ఎవరో ఊ కొట్టాలి. పట్నం ప్రేక్షకులు మర్యాదగా నిశ్శబ్దంగా కూర్చుంటారు, ఆ నిశ్శబ్దం కథకుడికి గోడలాంటిది. అవ్వను, ఆమె తోటివాళ్లు నలుగురిని గుంపులో అక్కడక్కడా కూర్చోబెట్టాం. మొదటి రాత్రి సగమయ్యేసరికి బెంగుళూరు నుంచి వచ్చినవాళ్లు కూడా ఊ కొడుతున్నారు. ఎవరికీ చెప్పలేదు, నేర్పలేదు.

సద్ది

కలిసి తినే ఆచారం మనకు కొత్త కాదు. అట్లతద్దికి చుక్కలుండగానే ఆడపిల్లలు లేచి గోంగూర, పెరుగన్నం తిని వీధుల్లో ఆడుకుంటారు. సద్దుల బతుకమ్మ నాడు చెరువులో బతుకమ్మను వదిలాక గట్టు మీదే సద్దులు పంచుకుంటారు. కార్తీకంలో ఉసిరిచెట్టు కింద వనభోజనాలు ఉండనే ఉన్నాయి. ఇవన్నీ మనసులో ఉన్నా, నాకు గురువు అనదగ్గది కారెంపూడి. పల్నాటి వీరుల తిరునాళ్లు అక్కడ కార్తీక అమావాస్యకు మొదలై ఐదు రోజులు జరుగుతాయి. రోజుకో పేరు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. నాగులేరు ఒడ్డున వీరుల ఆయుధాలతో ఊరేగింపు, కథ పాడే విద్యావంతులు, మందపోరు నాడు చాపకూడు. బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి తినిపించాడన్న జ్ఞాపకంతో చేసే సహపంక్తి భోజనం అది. నడక, కథ, కూడు మూడూ కలిసిన పెద్ద ప్రదర్శన మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. అక్కడ నేను గమనించింది ఏమిటంటే, చాపకూడు విరామం కాదు. అది కథలో ఒక రోజు, యుద్ధంతో సమానంగా దానికో పేరుంది.

మా సద్ది మూటలో రెండు జొన్నరొట్టెలు, ఊరిబిండి అనే పచ్చడి, ఒక ఎర్రగడ్డ (ఉల్లిపాయ), రెండు పచ్చిమిరపకాయలు, చిన్న బెల్లంముక్క. మజ్జిగ కుండల్లో విడిగా ఉంటుంది. చీకట్లో తినే తిండికి ఒక నియమం ఉంది. చేతికి తగలగానే అదేమిటో తెలియాలి. మొదట చిత్రాన్నం, గుత్తివంకాయ అనుకున్నాం, ట్రయల్ చేస్తే సగం బట్టల మీద పడింది. రొట్టె చీకట్లో కూడా రొట్టెలాగే ఉంటుంది. ఇంకోటి, ఊరిబిండిలో చెనక్కాయలుంటాయి. చెనక్కాయలు పడనివాళ్లు ఎవరైనా ఉన్నారా అని టికెట్ ఇచ్చేటప్పుడే అడిగాం. ఒకరున్నారు, ఆమెకు వేరే రంగు గుడ్డలో నువ్వుల పొడి కట్టాం.

మూటను ప్రేక్షకుడు రచ్చకట్ట నుంచి మోయాలి. కానీ అది అతని మూట కాదు. తినే చోటికి వచ్చాక పక్కవాళ్లకు ఇవ్వాలి, తనకు ఇంకెవరో ఇస్తారు. గంటన్నర పాటు ఒకరి కూడు చేతిలో పట్టుకుని నడవడం ఎలా ఉంటుందో చూడాలని మా కోరిక. ఇది బాగా పనిచేసింది. చాలామంది మూటను కిందికి దింపకుండా, పిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని నడిచారు.

రొట్టెలు ఊళ్లో అన్ని వీధుల నుంచీ వచ్చాయి. పద్నాలుగు మంది, ఒక్కొక్కరు రోజుకు ఆరు రొట్టెలు, రొట్టెకు ఇరవై రూపాయలు. ఎస్సీ కాలనీ నుంచి నలుగురు. ఇక్కడే నేను పెద్ద తప్పు చేశాను. అన్ని రొట్టెలూ ఒకచోట చేర్చి, కలిపేసి, మూటలు కట్టించాలనుకున్నాను. ఎవరింటి రొట్టె ఎవరి మూటలో ఉందో ఎవరికీ తెలియదు, గొడవ ఉండదు, అందరూ తింటారు అని. ఆ పథకం నాకు చాలా తెలివైనదిగా అనిపించింది కూడా.

తదియ

మొదటి రాత్రి సద్దిని చివర్లో పెట్టాం. మరవ దగ్గర కథ ముగిసింది, ఆమె గండిలోకి వెళ్లిపోయింది, కట్ట నిలిచింది. తంబుర ఆగింది. మేం చాపలు పరిచి మూటలు విప్పమన్నాం. పట్నం నుంచి వచ్చినవాళ్లు విప్పారు. ఊరివాళ్లు కదల్లేదు. అవ్వ నా పక్కకు వచ్చి నెమ్మదిగా, "ఇది దినంకూడు మాదిరి ఉండాది నాయనా. ఇప్పుడే సచ్చిన మనిషి పక్కన కూకోని ఎట్ల తింటాం?" అంది.

నెలన్నర రిహార్సల్ చేసినా ఆ సంగతి మాకు తట్టలేదు. చావు తర్వాత వచ్చే తిండికి మన దగ్గర ఒకటే అర్థం. ఆట అయ్యాక డిన్నర్ అన్న పట్నపు అలవాటుతో ఆలోచించాం, అంతే. ఊరివాళ్లు మూటలు అలాగే ఇళ్లకు పట్టుకెళ్లారు.

ఆ రాత్రే పదకొండింటికి కాలనీ నుంచి రొట్టెలు కొట్టిన అక్క ఒకామె మేమున్న స్కూలు దగ్గరకు వచ్చింది. రొట్టెలన్నీ కలిపేస్తున్నారని ఎవరో చెప్పారట. ఆమె కోపంగా లేదు, కానీ మాట గట్టిగా ఉంది. "మా రొట్టె అని చెప్పే పెట్టండి సార్. తెలీకుండా తినిపిస్తే మాకేం మర్యాద? రేపు తెలిస్తే మీరు పోయింటారు, తిట్లు మేం పడాల. తినేవాళ్లు తింటారు, తిననోళ్లు తినరు. అది వాళ్ల ఇష్టం." నేను చెప్పడానికి మాట దొరకలేదు. గొడవ రాకూడదన్న నా జాగ్రత్తలో, ఆమె చేతి వంటను దాచిపెట్టాల్సిన వస్తువుగా చేశాను. ఆమె వచ్చి చెప్పకపోతే మూడు రాత్రులూ అదే చేసి, అందరూ కలిసి తిన్నారని ఎక్కడో గర్వంగా రాసుకునేవాణ్ణి.

ఆ రాత్రి మేం పడుకోలేదు. సద్దిని మరవ దగ్గర నుంచి తూము దగ్గరకు, అంటే కథలో ఆమె ఇంకా ఇంట్లో ఉన్న మూడో భాగంలోకి తెచ్చాం. మూటలు కలపడం మానేశాం. ఒక్కో మూట ఒక్కో ఇంటిది. రచ్చకట్ట దగ్గర మూట ఇచ్చేటప్పుడే, వండినామె స్వయంగా, "ఇది ఫలానా వీధిలో మా ఇంటి రొట్టె" అని చెప్పి చేతిలో పెడుతుంది. మోసినవాళ్లు ఇంకొకరికి ఇచ్చేటప్పుడు ఆ మాటే చెప్పి ఇవ్వాలి.

చవితి

మొదటి ఇద్దరు ముగ్గురు మూట ఇచ్చేటప్పుడు సిగ్గుపడ్డారు. తర్వాత వరసగా మాటలు వినపడ్డాయి. "ఇది కుమ్మరోళ్ల వీధి రొట్టె." "ఇది కాలనీలో నీళ్ల ట్యాంకు పక్కింటి అక్క రొట్టె." "ఇది రెడ్ల వీధి అవ్వ రొట్టె, కారం ఎక్కువేసినానని చెప్పమంది." పగలు చేసి ఉంటే ఈ మాటలు ఇలా వచ్చేవి కావు. చీకట్లో ఇచ్చేవాళ్ల గొంతే తెలుస్తుంది. గంట సేపు కలిసి నడిచి, ముళ్లకంప దగ్గర ఒకరినొకరు చెయ్యి పట్టుకుని దాటిన తర్వాత వచ్చిన మాటలు అవి. నడక చేసిన పని నాకు అక్కడే కనిపించింది.

ఊరివాళ్లలో ఇద్దరు పెద్దమనుషులు కాలనీ మూటలు వచ్చినప్పుడు తీసుకోలేదు. ఒకాయన "నాకు ఆకలి లేదు" అన్నాడు. రెండో ఆయన ఏమీ అనకుండా మూటను పక్కనున్న చాప మీద పెట్టాడు. మొదటాయన లేచి ఊళ్లోకి వెళ్లిపోయాడు. రెండో ఆయన వెళ్లలేదు. ఏమీ తినకుండా చివరిదాకా మాతో నడిచాడు. మేం ఎవరినీ బలవంతపెట్టలేదు, బతిమాలలేదు, వేరే మూట ఇవ్వలేదు. వేరే మూట ఇద్దామని మా కుర్రాడొకడు లేవబోతే నేనే ఆపాను. దాని మీద మా బృందంలో ఇప్పటికీ వాదన ఉంది. అతిథిని ఆకలితో నడిపించడం తప్పు అంటారు కొందరు. వేరే మూట ఇచ్చి ఉంటే, ఆ అక్కకు ఇచ్చిన మాట అక్కడికక్కడే తప్పినట్టయ్యేదని నా నమ్మకం.

ఆ పక్కనే ఇంకోటి జరిగింది. మూడో భాగంలో పెద్దాయన చిన్నకోడలు ఇంట్లో అందరికీ వడ్డించడం చెబుతున్నాడు. మామకు, అత్తకు, బావలకు, మొగుడికి, పిల్లలకు. మేమంతా తింటున్నాం, ఆయన చెబుతున్నాడు, కోడలు గుమ్మెట వాయిస్తోంది. ఊరి పిల్ల ఒకతె, ఏడెనిమిదేళ్లుంటాయి, నోట్లో రొట్టెతోనే అడిగింది: "మరి ఆయమ్మ తినిందా?"

స్క్రిప్టులో దానికి జవాబు లేదు. పెద్దాయన తంబుర మీద వేలు ఆపి, "ఇంగా లేదు పాపా. అందురూ తిన్నాక తింటాది" అన్నాడు. ఆ పిల్ల లేచి వెళ్లి తన దగ్గరున్న సగం రొట్టెను గుమ్మెట వాయిస్తున్నామె చేతిలో పెట్టింది. ఆమె గుమ్మెట దించి, నిలబడే తినేసింది. గబగబా తింది. ఆమెకు నిజంగానే ఆకలిగా ఉంది.

కథకుల భోజనం మేం ఆట అయ్యాక, రాత్రి పదిన్నరకు పెట్టాం. నాటకాల్లో అదే అలవాటు, ఎవరూ ఆలోచించరు. రిహార్సల్స్‌లో పెద్దాయన ఒకసారి చెప్పాడు కూడా: "మాకు ఎప్పుడూ కథ ముందు, కూడు తర్వాత. ముందు పెడితే కథ సరిగ్గా చెప్పరని జనం భయం." ఆ ముగ్గురూ మధ్యాహ్నం రెండింటికి తిన్నారు. నలభై మంది ఎదురుగా తింటుంటే, అందరూ తిన్నాక తినే కోడలి కథను, అందరూ తిన్నాక తినే మనుషులతో చెప్పిస్తున్నాం. ఆ సంగతి మాకు ఎనిమిదేళ్ల పిల్ల చూపించాల్సి వచ్చింది.

నాలుగో భాగం కట్ట మీద. తొమ్మిదింబావు దాటాక చంద్రుడు గుట్ట వెనక నుంచి పైకి వచ్చాడు. కథలో ఆమె గండి దగ్గరకు చేరడానికీ చంద్రుడు రావడానికీ రెండు మూడు నిమిషాలే తేడా. ఎవరూ ఊ కొట్టలేదు.

పంచమి

మూడో రాత్రి కథకులు ముగ్గురూ మాతో పాటే చాప మీద కూర్చుని తిన్నారు. దాని కోసం మూడో భాగాన్ని రెండుగా కోశాం. వడ్డన వరకు చెప్పి ఆగుతారు, తింటారు, మళ్లీ లేస్తారు. దీనికి మూల్యం ఉంది, అది కూడా చెప్పాలి. తిన్నాక పెద్దాయన గొంతు బరువెక్కింది, నాలుగో భాగంలో శృతి కిందికి దించి పాడాడు. ఆగిన కథ మళ్లీ పట్టు తెచ్చుకోవడానికి పది నిమిషాలు పట్టింది. ప్రదర్శనగా చూస్తే చవితి రాత్రే బాగుంది. అయినా మళ్లీ చేస్తే పంచమి పద్ధతిలోనే చేస్తాను, కాకపోతే వాళ్లకు సాయంత్రం ఐదింటికి ఒకసారి పెట్టి, తూము దగ్గర కొంచెమే తినమంటాను. ఆ సలహా కూడా పెద్దాయనదే.

ఆ రాత్రి ఊరివాళ్లు తగ్గారు. ముందు రాత్రి పదహారు మంది వస్తే, ఆ రోజు తొమ్మిది మంది. ఒక వీధి నుంచి ఎవరూ రాలేదు, ఆ వీధి నుంచి రావాల్సిన ఆరు రొట్టెలు కూడా రాలేదు. కాలనీ నుంచి మాత్రం అడగకుండానే పన్నెండు రొట్టెలు ఎక్కువ వచ్చాయి. ముందు రాత్రి తినకుండా నడిచిన పెద్దమనిషి మళ్లీ వచ్చాడు. తన ఇంటి నుంచి తన మూట తనే తెచ్చుకున్నాడు. ఆయన మూటను ఎవరికి ఇవ్వాలన్న ప్రశ్న తూము దగ్గర వచ్చింది. కాసేపు అటూ ఇటూ చూసి, మూట విప్పి, ఒక రొట్టె తను ఉంచుకుని, ఒకటి పక్కనున్న హైదరాబాద్ కుర్రాడికి ఇచ్చాడు. ఆ కుర్రాడు తన చేతిలోని కాలనీ రొట్టెను ఆయన ముందు పెట్టాడు. ఆయన దాన్ని తినలేదు, వెనక్కీ ఇవ్వలేదు. కండువా కొంగులో కట్టుకున్నాడు. తర్వాత ఏం చేశాడో నేను అడగలేదు.

కట్ట దిగేటప్పుడు ఒకాయనకు కాలు మడతపడింది. ఊరి కుర్రాళ్లు భుజం పట్టి తెచ్చారు. కట్ట దిగే చోటుకు మేం లాంతరు పెట్టలేదు, ఎక్కే చోటే పెట్టాం. చీకటి మీద మోజుతో చేసిన పొరపాటు. అలాంటి చోట వెలుగు ఉండి తీరాలి, కళ్ల అలవాటు పోయినా సరే.

డబ్బు సంగతి

మూడు రాత్రులకూ కలిపి లక్షా నలభై వేలు అయింది. అందులో కథకుల కుటుంబానికి నలభై ఐదు వేలు, రిహార్సల్ రోజులు కలుపుకుని. రొట్టెలు, మజ్జిగ, గుడ్డలు, జొన్నలకు పద్నాలుగు వేల పైన. దారి కుర్రాళ్లకు, బస్సులకు, లాంతర్లకు మిగతాది. బయటివాళ్లకు టికెట్ ఎనిమిది వందలు పెట్టాం, ఊరివాళ్లకు లేదు. మొత్తం మీద ఎనభై వేల చిల్లర మేం చేతి నుంచి పెట్టుకున్నాం. టికెట్ పెంచితే సరిపోయేది. కానీ రెండు వేలు పెట్టి వచ్చే ప్రేక్షకుడు జొన్నరొట్టెను రుచి చూడడానికి వస్తాడు, మూట మోయడానికి రాడని మాకు భయం వేసింది. దీనికి ఇంకా పరిష్కారం దొరకలేదు.

అనుమతుల కోసం సంబంధిత ఆఫీసుల చుట్టూ ఆరు వారాలు తిరిగాం. కట్ట మీద రాత్రిపూట నలభై మంది అంటే వాళ్ల టెన్షన్ వాళ్లకుంటుంది. చివరికి ఆ ఊళ్లో నీరుగంటి పని, అంటే చెరువు నీళ్లు మడులకు వదిలే పని చేసే పెద్దాయన ఒకరు, "నేను వాళ్ల వెంబడి నడుస్తా" అని సంతకం పెట్టాక పని జరిగింది. అలాంటి మనిషిని మొదటి వారంలోనే కలవాలి, మేం ఐదో వారంలో కలిశాం.

మళ్లీ

పోయిన ఏడాది మళ్లీ చేద్దామని వెళ్లాం. ఈసారి మూటల్లో ఒకటి ఎవరి చేతికీ ఇవ్వకుండా, వడ్డన అయ్యేవరకు కట్టమ్మ రాయి దగ్గర ఉంచి, ఆమె వంతుగా అందరం పంచుకోవాలన్నది అవ్వ ఆలోచన. రొట్టెలకు పద్దెనిమిది మంది పేర్లు ఇచ్చారు, రెండేళ్ల కిందట చివరి రాత్రి రొట్టెలు రాని వీధి నుంచి కూడా ఇద్దరు.

కానీ వానలు సరిగ్గా పడలేదు. కట్టెక్కి చూస్తే చెరువు మధ్యలో గుంటంత నీళ్లు, చుట్టూ నెర్రెలిచ్చిన బురద, అందులో మేకలు. బలిచ్చిన చెరువు ఎండిపోయి ఉంటే ఆమె కథ ఎట్లా చెబుతాం అంది అవ్వ. "ఆమెకు సిగ్గు కదా నాయనా. నీళ్లు రానీ." ఈ ఏడాది కూడా మరవ పారలేదు. కార్తీకంలో ఫోన్ చేస్తే రొట్టెలు కొట్టే అక్క ఎత్తి, సగం నిండిందని, సగానికి వస్తే చాలదని చెప్పింది. గుడ్డలు ఉతికి పెట్టిందట.